కొల్ నిద్రే: మాట తప్పడానికి ముందే తీసుకున్న అనుమతా?

సెప్టెంబరులోనో అక్టోబరులోనో యూదుల యోం కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) పండగ వస్తుంది. దాంతోపాటే ఒక పాత ఆరోపణ ఇంటర్నెట్‌లో మళ్ళీ తిరగడం మొదలవుతుంది. "యూదులు ఏడాదికోసారి సినగాగ్‌లో (ప్రార్థనా మందిరంలో) నిలబడి, రాబోయే ఏడాదంతా తాము చేయబోయే ప్రమాణాలన్నీ ముందే రద్దు చేసుకుంటారు, కాబట్టి వాళ్ళ మాట నమ్మొద్దు" అని. ఇది పూర్తిగా గాల్లోంచి పుట్టిన మాట కూడా కాదు, చూపించడానికి ఒక పాఠం ఉంది. పండగ మొదలయ్యే సాయంత్రం మూడుసార్లు పాడే ఆ పాఠం పేరు కొల్ నిద్రే, అంటే "మొక్కులన్నీ". ఉండేది అరమాయిక్ భాషలో. సారాంశం ఇది: ఈ యోం కిప్పూర్ నుంచి వచ్చే యోం కిప్పూర్ దాకా మేం మొక్కుకునే మొక్కులు, పెట్టుకునే ఒట్లు, మా మీద మేం వేసుకునే నిషేధాలు, అన్నిటికీ ఇప్పుడే పశ్చాత్తాపపడుతున్నాం, అవి చెల్లవు, కొట్టేసినట్టే, మా మొక్కులు మొక్కులు కావు, మా ఒట్లు ఒట్లు కావు.

అనువాదం మొదటిసారి చదివినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. ఇంత పవిత్రమైన రోజుని ఇలాంటి మాటతో మొదలుపెట్టడం ఏంటి? తర్వాత దీని వెనకున్న చర్చలు చదువుతూ పోతే వేరే బొమ్మ కనిపించింది. నోటి నుంచి వచ్చిన మాటకి భయపడినంతగా ఈ సంప్రదాయం ఇంకా దేనికైనా భయపడిందా అనిపించేంత. ఆ భయం అర్థం కాకపోతే కొల్ నిద్రే అర్థం కాదు. అందుకే కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

మొక్కు వేరు, ఒట్టు వేరు

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. మొక్కు, ఒట్టు. హీబ్రూలోనూ రెండే, నెదెర్, షెవువా. తెలుగు బైబిల్లో సంఖ్యాకాండము 30వ అధ్యాయం తీస్తే మ్రొక్కుబడి, ప్రమాణం అని పక్కపక్కనే కనిపించేవి ఇవే. నోటి నుంచి వచ్చినదంతా నెరవేర్చాలి, మాట తప్పకూడదు అనేది అక్కడి ఆజ్ఞ.

మనం మొక్కు అనగానే కోరిక తీరితే తలనీలాలు ఇస్తాననో ముడుపు కడతాననో అనుకుంటాం. నెదెర్‌లో అదీ ఉంది. పిల్లాణ్ణి ఇస్తే దేవుడి సేవకే ఇచ్చేస్తానని హన్నా మొక్కుకుని సమూయేలుని కన్నది అలాంటి మొక్కే. కానీ యూదు పండితులు ఎక్కువగా తలలు బద్దలు కొట్టుకున్నది ఇంకో రకం నెదెర్ గురించి, ఒక వస్తువుని తన మీద తనే నిషేధించుకోవడం. ఇది మనకి కొత్తేం కాదు. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు కదా. మా నాయనమ్మ సీతాఫలం వదిలేసింది. ఆ తర్వాత ఎవరైనా తెలియక పళ్ళెంలో పెడితే తినకపోవడమే కాదు, ఆ పళ్ళెమే పక్కకి జరిపేసేది. ఆవిడ దృష్టిలో ఆ పండు మారిపోయింది, తను మారలేదు.

నెదెర్ సరిగ్గా అలాగే పనిచేస్తుంది. అది వస్తువుకి అంటుకుంటుంది. షెవువా మనిషికి అంటుకుంటుంది. "ఈ రొట్టె నాకు బలిపీఠం మీది నైవేద్యం లాంటిది" అంటే నెదెర్, "నేను ఈ రొట్టె తిననని ఒట్టు" అంటే షెవువా. ఫలితం ఒకటేగా, రెండింట్లోనూ రొట్టె తినడు కదా అనిపిస్తుంది. తేడా ఎక్కడ బయటపడుతుందో చూడండి. సుక్కోత్ పండగలో పాకలో కూర్చోవడం ప్రతి యూదుడికీ తోరా (మోషే ఐదు పుస్తకాల ధర్మశాస్త్రం) పెట్టిన విధి. ఒకడు "పాకలో కూర్చోనని ఒట్టు" అన్నాడనుకోండి, ఆ ఒట్టు చెల్లదు. ఎందుకంటే ఆజ్ఞలన్నీ పాటిస్తానని సీనాయి కొండ దగ్గరే ప్రతి యూదుడూ ప్రమాణం చేసినట్టు లెక్క, ముందే కట్టుబడిన మనిషి దానికి అడ్డంగా ఇంకోసారి కట్టుబడలేడు. అదే మనిషి "ఈ పాక నాకు నిషిద్ధం" అని మొక్కుకుంటే మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే సీనాయి దగ్గర ప్రమాణం చేసింది మనిషి, పాక కాదు! క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో ఈ తేడా ఉంది. మొదట్లో ఇది మాటల గారడీలా అనిపించొచ్చు. కానీ మాటకి వస్తువు స్వభావాన్నే మార్చే శక్తి ఉందని గట్టిగా నమ్మినవాళ్ళకే ఇలాంటి తేడా తడుతుంది.

నిషేధపు మొక్కులకి జనం వాడిన మాట "కోనాం". బలి అనే అర్థమున్న కొర్బాన్ అనే పవిత్రమైన మాటని మాటిమాటికీ నోటితో పలకకుండా, దాన్ని కొంచెం మార్చి పలికేవాళ్ళు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను అనే మాట చదివిన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు, అమ్మానాన్నలకి అందాల్సినదాన్ని కొర్బాను అనేసి ఇవ్వకుండా ఉండటం గురించి. ఆ గొడవ ఈ నెదెర్ల గురించే. కోపంలో "నా వల్ల నీకు దమ్మిడీ లాభం ఉంటే అది నీకు కోనాం" అనేసిన మొగుళ్ళు, తండ్రులు, అన్నదమ్ములు మిష్నా నిండా ఉన్నారు.

నోరు జారితే ఏమవుతుంది

ఈ విషయంలో బైబిల్ కథలు దయ లేకుండా ఉంటాయి. యుద్ధంలో గెలిపిస్తే ఇంటికి తిరిగి వెళ్ళినప్పుడు గుమ్మంలోంచి నాకు ఎదురొచ్చినదాన్ని దేవుడికి అర్పిస్తానని యెఫ్తా మొక్కుకుంటాడు, తంబురలు పట్టుకుని నాట్యం చేస్తూ ఒక్కగానొక్క కూతురు ఎదురొస్తుంది. సౌలు రాజు సాయంత్రందాకా ఎవరూ ఏమీ తినకూడదని సైన్యానికి ఒట్టు పెడతాడు, ఆ సంగతి వినని కొడుకు యోనాతాను కర్ర కొనతో కాస్త తేనె నాకుతాడు, ప్రాణం మీదికి వస్తుంది. జనం అడ్డుపడి కాపాడతారు.

యెఫ్తా కథని తర్వాతి రబ్బీలు (యూదు ధర్మపండితులు) ఊరికే వదల్లేదు. అసలు ఆ మొక్కు చెల్లేదే కాదు, లేదా విప్పించుకోవచ్చు, మరి ఎందుకు విప్పించుకోలేదు అని అడిగారు. మిద్రాష్ (బైబిల్ మీద రబ్బీల వ్యాఖ్యాన కథలు) చెప్పే జవాబు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ప్రధాన యాజకుడు ఫీనెహాసు మొక్కు విప్పగలడు. కానీ ఆయన "అవసరం అతనిది, నేనెందుకు వెళ్ళాలి" అనుకున్నాడట. యెఫ్తా "నేను ఇశ్రాయేలు నాయకుణ్ణి, నేనెందుకు వెళ్ళాలి" అనుకున్నాడట. ఈ ఇద్దరి మధ్యా ఆ పిల్ల చచ్చిపోయింది. రబ్బీల లెక్కలో ఇద్దరికీ శిక్ష పడింది. (ఆ పిల్లని చంపలేదు, పెళ్ళి లేకుండా ఒంటరిగా ఉంచేశారని చదివిన వ్యాఖ్యాతలూ ఉన్నారు, దావీద్ కిమ్హి వాళ్ళలో ఒకరు.)

ఇంకో కథ తల్ముద్‌లోది, అంటే మిష్నా మీద తర్వాతి పండితుల చర్చలన్నీ కూర్చిన గ్రంథంలోది. కరువు కాలంలో ఒకతను బంగారు దీనారం ఒకటి ఒక విధవరాలి దగ్గర దాచిపెట్టమని ఇస్తాడు. ఆవిడ దాన్ని పిండి కుండలో పెట్టి మర్చిపోతుంది. పిండిలో కలిసిపోయి అది రొట్టెలోకి వెళ్తుంది, ఆ రొట్టె ఒక పేదవాడికి దానంగా వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి ఆ మనిషి వచ్చి నా దీనారం ఏదంటాడు. "నీ దీనారం వల్ల నేనేమైనా లాభపడి ఉంటే నా కొడుకుల్లో ఒకణ్ణి చావు తీసుకుపోనీ" అంటుందావిడ. ఆవిడకి తెలిసినంతవరకు అది నిజమే. కొద్దిరోజులకే ఒక కొడుకు చనిపోతాడు. ఎందుకు? దీనారం ఉన్న మేర రొట్టెలో పిండి తక్కువ పట్టింది, అంటే గోరంత పిండి ఆవిడకి మిగిలింది. నిజం చెప్తున్నాననుకుని ప్రమాణం చేసినవాళ్ళ గతే ఇదైతే, అబద్ధపు ప్రమాణం చేసేవాళ్ళ సంగతేంటి అని పండితులు వణికిపోయారు. నాకు ఆ తల్లి మీద జాలి తప్ప ఇంకేం మిగలదు ఈ కథలో. పిల్లల మీద ఒట్టు వేయొద్దని మన పెద్దవాళ్ళు ఎందుకంటారో దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

కోర్టులో ప్రమాణం ఎవరు చేస్తారు

మన సినిమాల్లో సాక్షి చేత ప్రమాణం చేయిస్తారు. యూదు ధర్మశాస్త్రంలో సాక్షి మామూలుగా ప్రమాణం చేయడు, అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని పది ఆజ్ఞల్లోనే ఉంది కదా, హెచ్చరిస్తే చాలు. ప్రమాణం చేయాల్సింది కక్షిదారు. ఇజ్రాయెల్ 1980లో చట్టం మార్చి, కోర్టుల్లో సాక్షుల ప్రమాణం తీసేసి హెచ్చరిక పెట్టింది.

ఒక లెక్క చూద్దాం. "నువ్వు నాకు వంద బాకీ" అని ఒకడు అడిగాడు. "కాదు, యాభయ్యే" అన్నాడు రెండోవాడు. యాభై కట్టాలి, మిగతా యాభైకి ప్రమాణం చేయాలి. ఇది తోరా పెట్టిన నియమం. మరి "అసలు ఒక్కటి కూడా బాకీ లేను" అన్నవాడో? అతనికి తోరా ప్రకారం ప్రమాణమే లేదు, తర్వాతి కాలంలో రబ్బీలు తేలికపాటిది ఒకటి పెట్టారు. ఇది తలకిందులుగా లేదా, సగం ఒప్పుకున్న మంచివాడికి ప్రమాణం, మొత్తం కాదన్నవాడికి లేదా? రబ్బా అనే పండితుడి వివరణ ఏంటంటే, అప్పిచ్చి ఆదుకున్న మనిషి ముఖం మీదే మొత్తం ఎగ్గొట్టే తెగువ మామూలు మనిషికి ఉండదు. సగం ఒప్పుకునేవాడు చాలాసార్లు దొంగ కాదు, చేతిలో డబ్బులేక గడువు కోసం నెట్టుకొస్తున్నవాడు. ప్రమాణం చేయమంటే అలాంటివాడు భయపడి మిగతాది కూడా ఒప్పుకుంటాడు. ప్రమాణం ఇక్కడ నిజాన్ని బయటికి లాగే కొక్కెం.

అయితే తెలివైనవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. 4వ శతాబ్దపు బాబిలోనియాలో రావా అనే న్యాయనిర్ణేత ముందుకి ఒక తగాదా వచ్చింది. అప్పు తీర్చేశానని ప్రమాణం చెయ్యి అన్నారు. బాకీదారు ఏం చేశాడంటే, ఒక బోలు కర్రలో డబ్బు నింపి, దాన్ని ఊతకర్రలా పట్టుకొచ్చాడు. ప్రమాణానికి తోరా చుట్టని చేత్తో పట్టుకోవాలి కదా, "ఈ కర్ర కాస్త పట్టుకో" అని అప్పిచ్చినవాడి చేతికే ఇచ్చి, "అతనికి ఇవ్వాల్సిందంతా అతని చేతికి ఇచ్చేశాను" అని ప్రమాణం చేసేశాడు. అక్షరాలా నిజమే! అప్పిచ్చినవాడికి ఒళ్ళుమండి ఆ కర్రని విరిచేశాడు, నాణేలన్నీ నేల మీద పడ్డాయి.

ఈ కథని ఆనుకునే తల్ముద్ ఒక సూత్రం చెప్తుంది. కోర్టు ప్రమాణం చేయించేటప్పుడు "నీ మనసులో ఉన్న అర్థం ప్రకారం కాదు, మా అర్థం ప్రకారం నువ్వు ప్రమాణం చేస్తున్నావు" అని ముందే చెప్పాలి. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఒకటి పలికినా ఒప్పుకోరు. కొల్ నిద్రే గురించి మాట్లాడేటప్పుడు ఈ సూత్రం గుర్తుంచుకోవాలి.

అసలు మొక్కుకోవడం మంచిదేనా

దీని మీద వాళ్ళలో వాళ్ళకే పడలేదు. ప్రసంగి గ్రంథం ప్రకారం మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలు. దీన్ని పట్టుకుని ఇద్దరు రబ్బీలు వాదించుకున్నారు. మొక్కే మొక్కుకోనివాడు అందరికన్నా మెరుగు అన్నాడు రబ్బీ మెయిర్. కాదు, మొక్కుకుని చెల్లించేవాడు మెరుగు అన్నాడు రబ్బీ యెహూదా. రబ్బీ నాథాన్ ఇంకా కఠినంగా, మొక్కుకోవడం అంటే అనుమతిలేని బలిపీఠం కట్టడం, దాన్ని చెల్లించడం అంటే దాని మీద బలి ఇవ్వడం అన్నాడు. జెరూసలేం తల్ముద్‌లో ఒక సూటి ప్రశ్న ఉంది: తోరా నిషేధించినవి నీకు చాలలేదా, కొత్తవి కూడా కలుపుకుంటున్నావ్?

ఇంకోవైపు, మొక్కు మనిషికి కంచెలాంటిదని రబ్బీ అకీవా అన్నాడు. 12వ శతాబ్దపు మైమోనిడిస్ దాన్ని వైద్యుడిలా చదివాడు (నిజంగానే ఆయన వైద్యుడు). తిండిపోతు ఒకటి రెండేళ్ళు మాంసం మానేస్తానని, తాగుబోతు చాలాకాలం ద్రాక్షసారా ముట్టనని మొక్కుకుంటే అది మెచ్చుకోదగ్గదే, కానీ మొక్కుల మీద మొక్కులు పెంచుకోవద్దు అన్నాడు. అసలు ప్రమాణమే వద్దన్నవాళ్ళూ ఆ కాలంలో ఉన్నారు. ఎస్సెనీలు అనే యూదు శాఖవాళ్ళ మాట ప్రమాణం కన్నా గట్టిదని, అందుకే వాళ్ళు ప్రమాణాలకి దూరంగా ఉంటారని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు, అయితే శాఖలో చేరేటప్పుడు మాత్రం భయంకరమైన ప్రమాణాలు చేయిస్తారని కూడా ఆయనే చెప్పాడు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దు, అవునంటే అవును, కాదంటే కాదు అని యేసు చెప్పిన మాటని చర్చిల్లో యూదు ధర్మానికి ఎదురుగా పెట్టి చెప్పడం విన్నాను. ఆ రోజుల చర్చలో పెట్టి చదివితే మాత్రం అది యూదుల మధ్య అప్పటికే నడుస్తున్న వాదనలో ఒక గట్టి గొంతులా వినిపిస్తుంది. తల్ముద్‌లోనూ "నీ అవును న్యాయంగా ఉండాలి, నీ కాదు న్యాయంగా ఉండాలి" అనే మాట ఉంది.

ముడి విప్పడం ఎలా

మన దగ్గర ఒట్టు తీసి గట్టున పెట్టడం అంటారు. యూదుల్లో ఆ పనికి ఒక పద్ధతి ఉంది, హతరత్ నెదారీం, మొక్కుల విడుపు. మొక్కుకున్నవాడు తనంతట తను విప్పుకోలేడు. ఒక పండితుడి దగ్గరికో, ముగ్గురు మామూలు మనుషుల దగ్గరికో వెళ్ళి, ఏం మొక్కుకున్నాడో, ఎందుకు మొక్కుకున్నాడో చెప్పాలి. వాళ్ళు ఒక తలుపు కోసం వెతుకుతారు, పెతహ్ అంటారు దాన్ని. "ఈ సంగతి ముందే తెలిసుంటే మొక్కుకునేవాడివా?" "లేదు." అదే తలుపు. అప్పుడు ఆ మొక్కు మొదటి నుంచీ పొరపాటుగా చేసినదని తేల్చి, "నీకు విడుపు" అని మూడుసార్లు అంటారు.

మిష్నాలోని ఒక కేసు. ఒకతను భార్యకి తన వల్ల ఏ లాభమూ ఉండకూడదని మొక్కేసుకున్నాడు, ఇక కాపురం సాగదు. పెళ్ళి ఒప్పందం ప్రకారం ఆమెకి 400 దీనారాలు ఇవ్వాలి. రబ్బీ అకీవా కట్టమన్నాడు. "అయ్యా, మా నాన్న 800 వదిలాడు, 400 మా అన్నదమ్ముడు తీసుకున్నాడు, నాకు మిగిలింది 400, ఆమెకి 200, నాకు 200 చాలదా?" అని బతిమాలాడు. "నీ తల వెంట్రుకలు అమ్ముకోవాల్సి వచ్చినా సరే, ఆమెది ఆమెకి ఇవ్వాలి" అన్నాడు అకీవా. "ఇలా అవుతుందని తెలిస్తే మొక్కుకునేవాణ్ణే కాదు." ఆ మాట అనగానే అకీవా మొక్కు విప్పేశాడు.

ఇంకో కేసు మన తెలుగువాళ్ళకి దగ్గరగా అనిపిస్తుంది. ఒకతను అక్కచెల్లెళ్ళలో ఒకరి కూతుర్ని చేసుకోనని మొక్కుకున్నాడు. మేనకోడల్ని పెళ్ళాడటం వాళ్ళలో మంచి సంబంధం కింద లెక్క, తల్ముద్ దాన్ని మెచ్చుకుంటుంది కూడా. ఆ పిల్లని రబ్బీ ఇష్మాయేల్ ఇంటికి తీసుకెళ్ళి చక్కగా తయారుచేశారు. ఆయన ఆ కుర్రాణ్ణి పిలిచి "నాయనా, నువ్వు మొక్కుకున్నది ఈ పిల్లని గురించేనా?" అని అడిగాడు. "కాదు" అన్నాడతను. రబ్బీ విడుపు చెప్పాడు, చెప్పి ఏడ్చాడు. ఇశ్రాయేలు ఆడపిల్లలు అందమైనవాళ్ళే, పేదరికమే వాళ్ళని వికారంగా చేస్తుంది అంటూ. ఆయన పోయినప్పుడు ఆడపిల్లలంతా ఆయన కోసం శోకాలు పెట్టారట.

విప్పే పని లేకుండానే చెల్లని మొక్కులు కూడా నాలుగు రకాలు చెప్పారు. బేరంలో గట్టిగా అనేవి, గొప్పకి అనేవి, పొరపాటున చేసినవి, బలవంతం మీద చేసినవి. అమ్మేవాడు "సెలాకి తగ్గితే నాకు కోనాం" అంటాడు, కొనేవాడు "షెకెల్ దాటితే నాకు కోనాం" అంటాడు. సెలా అంటే 4 దీనారాలు, షెకెల్ అంటే 2. ఇద్దరి మనసులోనూ ఉన్నది 3 అని మిష్నాకి తెలుసు. సంతలో బేరం చూసిన ఎవరికైనా తెలుసు.

ఇక్కడ రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ న్యాయమైనవే. మొదటిది, ఈ విడుపుకి తోరాలో ఆధారం ఎక్కడుంది? సంఖ్యాకాండం తప్పకు అంటోంది, విప్పొచ్చు అనడం లేదు. మిష్నాయే ఈ బలహీనతని దాచకుండా ఒప్పుకుంది: మొక్కుల విడుపు గాల్లో ఎగురుతోంది, దానికి ఆనడానికి ఏమీ లేదు అని. తర్వాత సమూయేల్ అనే పండితుడు "అతను తన మాట తప్పకూడదు" అనే వాక్యాన్నే పట్టుకుని, అతను తప్పకూడదు, ఇతరులు అతని కోసం విప్పొచ్చు అని చదివాడు. ఇది నిలబడుతుందా అనేది చదివేవాళ్ళ ఇష్టం. రెండోది ఆడవాళ్ళ సంగతి. అదే 30వ అధ్యాయం ప్రకారం ఇంట్లో ఉన్న చిన్న వయసు కూతురి మొక్కుని తండ్రి, భార్య మొక్కుని భర్త, విన్న రోజునే కొట్టేయొచ్చు. విధవరాలు, విడాకులు తీసుకున్నావిడ మాత్రం తన మాటకి తనే యజమాని. రబ్బీలు ఈ అధికారాన్ని కొంత కుదించారు, భార్య తనని తాను కష్టపెట్టుకునే మొక్కులు, కాపురానికి అడ్డొచ్చేవి మాత్రమే భర్త కొట్టేయగలడన్నారు. కుదించారు, తీసేయలేదు. ఆ అసమానత అక్కడే ఉంది.

అవతలి మనిషి ఉన్నచోట విడుపు ఆగిపోతుంది

కొల్ నిద్రే గురించిన మొదటి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. మొక్కు నాకూ దేవుడికీ మధ్య ఉంటే, నాకూ నా తిండికీ మధ్య ఉంటే, విప్పించుకోవచ్చు. ఇంకో మనిషి కోసం, అతనికి తెలిసేలా చేసిన ప్రమాణమైతే అతని ఎదుటనే విప్పాలి, అతను లేకుండా కుదరదు.

దీనికి తల్ముద్ ఎంచుకున్న ఉదాహరణ చూడండి. సిద్కియా యూదా రాజ్యపు చివరి రాజు. అతనిచేత దేవుడి పేరు మీద విధేయత ప్రమాణం చేయించుకున్నది నెబుకద్నెజరు, తర్వాత జెరూసలేం ఆలయాన్ని కూల్చిన బాబిలోనియా చక్రవర్తి. యూదుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద శత్రువు దొరకడం కష్టం, పైగా పరాయివాడు, అన్యదేవతల్ని కొలిచేవాడు. అయినా ఆ ప్రమాణం తప్పినందుకు యెహెజ్కేలు ప్రవక్త 17వ అధ్యాయంలో సిద్కియాని తిట్టిపోస్తాడు.

తల్ముద్, మిద్రాష్ దీనికి ఒక కథ కలిపాయి. నెబుకద్నెజరు బతికున్న కుందేలుని తినడం సిద్కియా చూస్తాడు. ఎవరికీ చెప్పనని చక్రవర్తి ప్రమాణం చేయించుకుంటాడు. లోపల దాచుకోలేక సిద్కియా నలిగిపోయి, యూదుల పెద్దల సభ దగ్గర ప్రమాణం విప్పించుకుని బయట చెప్పేస్తాడు. సంగతి చక్రవర్తికి తెలుస్తుంది. ఆ పెద్దల్ని పిలిపించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, మీ తోరా నాకు వివరించండి అంటాడు. అధ్యాయం తర్వాత అధ్యాయం చెప్పుకుంటూ మొక్కుల అధ్యాయం దగ్గరికి వస్తారు. "మనసు మార్చుకుంటే విప్పించుకోవచ్చా?" "పండితుడి దగ్గరికి వెళ్తే విప్పుతాడు." "అవతలి మనిషి ఎదుటనా, అతను లేకుండానా?" "ఎదుటనే." "మరి మీరేం చేశారు?" అంటాడు. వెంటనే కింద ఉన్న మెత్తలు లాగేసుకుని నేల మీద కూర్చున్నారట వాళ్ళు. విలాపవాక్యాల్లో పెద్దలు నేల మీద మౌనంగా కూర్చున్నారనే వాక్యానికి రబ్బీలు చెప్పిన వివరణ ఇది. తప్పు మనవాళ్ళదే, నిలదీసిన శత్రువుదే న్యాయం అని తమ గ్రంథంలో తామే రాసుకున్నారు. "పరాయివాళ్ళకిచ్చిన మాట లెక్కలేదు" అనేవాళ్ళు ఈ పేజీ ఒక్కసారి చదవాలని నా కోరిక.

కొల్ నిద్రేకి అడ్డుచెప్పింది ముందు రబ్బీలే

9వ శతాబ్దంలో బాబిలోనియాలోని సూరా విద్యాపీఠానికి పెద్ద అయిన అమ్రాం గావోన్ తన ప్రార్థన పుస్తకంలో కొల్ నిద్రేని పేర్కొని, ఇది తెలివితక్కువ ఆచారం అన్నాడు. స్పెయిన్‌లో బలవంతంగా క్రైస్తవంలోకి మారిన యూదులు తమ పాత ప్రమాణాలు రద్దు చేసుకోవడానికి దీన్ని పుట్టించారనే కథ చాలా ప్రచారంలో ఉంది, కానీ స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్ళగొట్టింది 1492లో, పాఠం అంతకు ఆరు వందల ఏళ్ళ ముందే ఉంది. వాళ్ళు దాన్ని ఏ కన్నీళ్ళతో పాడుకున్నారన్నది వేరే సంగతి.

మొదట్లో పాఠం గడిచిన ఏడాది మొక్కుల గురించి ఉండేది. 12వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో రబ్బేను తాం అనే పండితుడు, అంతకుముందు ఆయన తండ్రి, దీన్ని రాబోయే ఏడాదికి మార్చారు. కారణం ధర్మశాస్త్రపు చిక్కే. అయిపోయిన మొక్కుని విప్పాలంటే ముగ్గురి ముందు, వివరం చెప్పి, పశ్చాత్తాపంతో విప్పాలి, గుంపుగా ఒక పాట పాడితే విడుపు రాదు. ముందే "మర్చిపోయి మొక్కుకుంటే అది చెల్లదు" అని చెప్పుకోవడం మాత్రం కుదురుతుంది. ఇప్పుడు అష్కెనాజీలు (జర్మనీ, తూర్పు యూరప్ మూలాల యూదులు) భవిష్యత్తు రూపం పాడతారు, కొన్ని సెఫార్దీ (స్పెయిన్, పోర్చుగల్ మూలాల) సమాజాలు గతం, కొన్ని రెండూ. తీరా ఆ భవిష్యత్తు రూపమే బయటివాళ్ళకి ఆయుధం అయింది.

1240లో పారిస్‌లో తల్ముద్ మీద విచారణ పెట్టినప్పుడు, యూదు మతం వదిలి క్రైస్తవుడైన నికొలస్ దొనిన్ కొల్ నిద్రేని ఎత్తిచూపాడు. తెలియక తప్పిన మొక్కుల కోసమే ఇది, ఇతరులకి చేసిన ప్రమాణాలకి వర్తించదని రబ్బీ యెహియేల్ జవాబిచ్చాడు. 1242లో పారిస్‌లో తల్ముద్ ప్రతులని బళ్ళకొద్దీ తెచ్చి తగలబెట్టారు. యూదుడి ప్రమాణం నమ్మలేం అనే సాకుతో యూరప్ కోర్టుల్లో వాళ్ళకి ప్రత్యేకమైన, అవమానకరమైన ప్రమాణాలు పెట్టారు. 13వ శతాబ్దపు జర్మన్ చట్టగ్రంథం ష్వాబెన్‌ష్పీగెల్ ప్రకారం యూదుడు పందిచర్మం మీద నిలబడి ప్రమాణం చేయాలి. ఫ్రాన్స్‌లో ఇలాంటి ప్రత్యేక ప్రమాణం 1846 దాకా పోలేదు, యూదు న్యాయవాది అడాల్ఫ్ క్రెమ్యూ ఏళ్ళ తరబడి పోరాడితే పోయింది. ప్రష్యాలో 1869 దాకా ఉంది.

ఈ బరువు మోయలేక కొందరు యూదులే పాఠాన్ని తీసేద్దామన్నారు. 1844లో బ్రున్స్విక్‌లో సమావేశమైన సంస్కరణవాద రబ్బీలు ఇది అవసరం లేదని తేల్చారు. మన తప్పు లేనప్పుడు ఎందుకు తీయాలి అని సంప్రదాయవాదులు. రెండు వైపులా బాధ ఉంది. చివరికి జనం ఆ రాగాన్ని వదులుకోలేదు.

ప్రమాణం లేని మాట సంగతేంటి

ఇంత భయం ఉన్నచోట రోజువారీ మాటలు ఎలా నడుస్తాయి? సంప్రదాయం పాటించే యూదులతో మాట్లాడితే "రేపు ఫోన్ చేస్తాను, బ్లీ నెదెర్" అనడం వినిపిస్తుంది. బ్లీ నెదెర్ అంటే మొక్కు కాకుండా. మంచి అలవాటు ఒకటి మూడుసార్లు చేస్తే అది మొక్కుగా బిగుసుకుంటుందని, దానధర్మం ఇస్తానని నోటితో అంటే అది మొక్కుతో సమానమని వాళ్ళ శాస్త్రం, అందుకే ఈ జాగ్రత్త. కొందరికి ఇది మాట దగ్గర వినయం, కొందరికి తప్పించుకునే తోక. రెండు రకాలుగానూ వాడేవాళ్ళు ఉంటారు.

మొక్కూ ఒట్టూ లేని ఉత్తమాటని వదిలేశారా అంటే లేదు. సరుకు కోసం డబ్బు ఇచ్చేశాక కూడా సరుకు చేతులు మారేదాకా చట్టప్రకారం బేరం వదులుకోవచ్చు. కానీ అలా వదులుకున్నవాడికి కోర్టులోనే ఒక శాపం వినిపిస్తారు: జలప్రళయపు తరాన్ని శిక్షించినవాడు మాట మీద నిలబడనివాణ్ణి కూడా శిక్షిస్తాడు అని. డబ్బు కూడా ఇవ్వలేదు, ఉత్త నోటిమాటే అయితే? రబ్బీ యోహనాన్ అలాంటివాణ్ణి నమ్మకం లేని మనిషి అన్నాడు, రావ్ అంత మాట అనక్కర్లేదన్నాడు. ధర మారిపోయినా ఆ మాట నిలబెట్టుకోవాలా అని తర్వాతివాళ్ళు ఇంకా విడిపోయారు. చిన్న బహుమతి ఇస్తానని వెనక్కి తగ్గడం తప్పే, ఎందుకంటే చిన్నదైతే అవతలివాడు నిజంగా ఎదురుచూస్తాడు. పెద్దది ఇస్తానంటే మొదటే నమ్మడు.

యోం కిప్పూర్ మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న పాపాలనే కడుగుతుంది, సాటి మనిషికి చేసినవాటిని అతన్ని సమాధానపరిచేదాకా కడగదు అని మిష్నాలో ఉంది. అందుకే ఆ ముందు రోజుల్లో, తాము ఎవరికి బాకీపడ్డారో, ఎవరికి మాట తప్పారో, ఎవర్ని నొప్పించారో వాళ్ళ దగ్గరికి వెళ్తారు, లేదా ఫోన్ చేస్తారు. క్షమించకపోతే మళ్ళీ అడుగుతారు, మూడుసార్ల దాకా. ఆ తర్వాత, ఇంకా పొద్దు ఉండగానే సినగాగ్ చేరతారు. పాడే ఆయనకి అటొకరు ఇటొకరు తోరా చుట్టలు పట్టుకుని నిలబడతారు, ముగ్గురూ కలిస్తే ఒక కోర్టు. అప్పుడు కొల్ నిద్రే మొదలవుతుంది, మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి కొంచెం గట్టిగా, మూడోసారి ఇంకా గట్టిగా.